లైటు వస్తోంది, స్క్రీన్ రావడం లేదు: మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బీటెక్ ఆఖరి ఏడు చదువుతున్నాను. మొన్న ఆదివారం రాత్రి గాలివానకి కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. లాప్‌టాప్ అప్పుడు చార్జింగ్‌లోనే ఉంది. పొద్దున్న లేచి బటన్ నొక్కితే లైటు వెలిగింది, లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వచ్చింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. కంపెనీ బొమ్మ కూడా పడలేదు. టౌన్లో షాపుకి తీసుకెళ్తే అయిదు నిమిషాలు చూసి, మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది, ఫార్మాట్ కూడా కొట్టాలి, ఫైళ్లు ఉండవు అన్నారు. నా ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. వచ్చే వారం ఇవ్వాలి. ఇంకా నాలుగు ఈఎమ్‌ఐలు కట్టాలి. నాన్నకి చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

చెల్లెమ్మా, ఆ లాప్‌టాప్‌ని షాపులో వదిలేసి వచ్చి ఉంటే రేపు షాపు తెరిచే వేళకి వెళ్లి ఇంటికి తెచ్చేసుకో. ఫార్మాట్ వద్దని ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పు. మిగతావన్నీ ఆ తర్వాతే.

నీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది తొమ్మిది వేల లెక్క కాదు. దాని పక్కనే ఉన్న "ఫార్మాట్ కూడా కొట్టాలి" అన్న మాట. లోపలి భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలక మదర్‌బోర్డు. అది వేరు, నీ ఫైళ్లుండే చోటు వేరు. ఈమధ్య వచ్చిన లాప్‌టాప్‌లలో ఫైళ్లు ఎక్కువగా ఎస్‌ఎస్‌డీ అనే చిన్న పలకలో ఉంటాయి. వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు చాలావాటిలో 80 మిల్లీమీటర్లు, మామూలుగా ఒకే ఒక్క స్క్రూతో బిగించి ఉంటుంది. బోర్డు నిజంగానే కాలిపోయినా ఆ పలక చెక్కుచెదరకుండా ఉండొచ్చు. బోర్డు మార్చి అదే పలకను తిరిగి పెడితే నీ ఫైళ్లు నీకుంటాయి. ఇక ఫార్మాట్, అంటే అంతా చెరిపేసి విండోస్ కొత్తగా వేయడం అంటావా, అది విండోస్ పాడై మరే దారీ లేనప్పుడు చేసే పని. నీ మిషన్‌లో కంపెనీ బొమ్మే పడటం లేదంటే అది విండోస్ దాకా వెళ్లనే లేదు. వెళ్లని చోట జబ్బుందని ఎలా చెబుతారు? అందుకే ఆ షాపులో పరీక్ష జరగలేదని, అలవాటుగా ఒక మాట చెప్పేశారని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణముంది. ఈ రిపేరు పనిలోకి వచ్చిన కొత్తలో ఒక రిటైరైన తెలుగు మాస్టారు లాప్‌టాప్ తెచ్చారు. ఊరూరా తిరిగి సేకరించిన పాటలన్నీ అను అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి పెట్టుకున్నారు. విండోస్ రావడం లేదని చూసి, అడగకుండానే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసి, సాయంత్రానికి సిద్ధం చేశాను. ఆయన వచ్చి డెస్క్‌టాప్ మీద వెతుక్కుంటూ ఉండగా నాకు విషయం అర్థమైంది. అది పాత రకం హార్డ్ డిస్క్ కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి సగం దాకా రాబట్టగలిగాను. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో ఆ ఆశ కూడా లేదు. చెరిపేసిన చోటును అవే లోపల్లోపల ఖాళీ చేసుకుంటాయి, ఫార్మాట్ అయ్యాక వెనక్కి తేవడం దాదాపు కుదరదు. ఆ రోజు తర్వాత ఎవరి మిషన్ ముట్టుకున్నా నేను అడిగే మొదటి మాట "ఇందులో మీకు కావలసినవేమున్నాయి?" అని.

నిన్నూ అదే అడుగుతున్నాను. రిపోర్టు ఇంకెక్కడైనా ఉందేమో ఫోన్‌లోనే చూడు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు మనకి తెలియకుండానే వన్‌డ్రైవ్ అనే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ అరలోకి వెళ్తూ ఉండటం చాలాసార్లు చూశాను. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే అయినా వర్డ్ ఫైలుకి అది చాలా ఎక్కువ. ఫోన్‌లో వన్‌డ్రైవ్ తెరిచి అదే ఖాతాతో లాగిన్ అవ్వు. గైడ్‌కి పంపిన మెయిళ్లు, టీమ్‌లో వాళ్లకి వాట్సాప్‌లో పంపిన పాత కాపీలు కూడా తియ్యి. పది రోజుల కిందటి కాపీ దొరికినా గండం సగం గడిచినట్టే.

రెండోది బిల్లు. లాప్‌టాప్ ఎప్పుడు కొన్నారో నువ్వు రాయలేదు గానీ నాలుగు ఈఎమ్‌ఐలు మిగిలాయన్నావు. అవి ఏడాది వాయిదాలైతే మిషన్ కొని ఎనిమిది నెలలే అయింది. మామూలుగా లాప్‌టాప్‌కి ఏడాది వారంటీ ఉంటుంది. అలాగైతే నువ్వు తొమ్మిది వేలు కాదు కదా తొమ్మిది రూపాయలు కూడా ఎవరికీ ఇవ్వక్కర్లేకపోవచ్చు. నీళ్లు పడటం, కిందపడటం లాంటివి లేకపోతే బోర్డు పోయినా మామూలుగా కంపెనీయే మారుస్తుంది. లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది. కంపెనీ సైటులో అది కొడితే వారంటీ ఏ తేదీ దాకా ఉందో చూపిస్తుంది. వారంటీ ఉందని తేలితే స్క్రూడ్రైవర్ జోలికి పోవద్దు, ఎవరినీ పోనివ్వద్దు. ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ తీసుకో. సర్వీస్ సెంటర్లలో "డేటాకి మా బాధ్యత లేదు" అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. సంతకం పెట్టే ముందే "నా ఎస్‌ఎస్‌డీ ముట్టుకోవద్దు, వీలైతే తీసి నా చేతికివ్వండి" అని అడుగు, జాబ్ షీట్ మీద రాయించు. నోటిమాటగా చెబితే లోపల పని చేసే అబ్బాయి దాకా ఆ మాట చేరదు.

ఇప్పుడు జబ్బు సంగతి. బటన్ నొక్కిన దగ్గర్నుంచి విండోస్ వచ్చేదాకా లాప్‌టాప్ ఒక వరసలో నడుస్తుంది. కరెంటు అందాలి, బోర్డు లేవాలి, ప్రాసెసర్ లేవాలి, ర్యామ్ (పని చేస్తున్నంతసేపు మిషన్ వాడుకునే తాత్కాలిక మెమరీ) పలకాలి, అప్పుడు స్క్రీన్ మీద కంపెనీ బొమ్మ, ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ వెతకడం, చివరికి విండోస్. ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం రిపేరు అయినట్టే. నీ దాంట్లో లైటు, ఫ్యాను ఉన్నాయి, బొమ్మ లేదు. అంటే ఆగింది మధ్యలో. ఈ మధ్యలో ఆగేవాటిలో ర్యామ్ సరిగ్గా పలకకపోవడం, బోర్డులో కరెంటు చిక్కుకుపోయి మొరాయించడం, స్క్రీన్ ఒక్కటే పోవడం, మిషన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్ అయిన బయోస్ చెడిపోవడం, ఇవన్నీ ఉంటాయి. బోర్డు నిజంగా పోవడమూ ఉంటుంది, కాదనను. కానీ అది మిగతావన్నీ చూశాక అనాల్సిన మాట.

ఈ రాత్రే చేయగలిగినది ఒకటుంది, స్క్రూ విప్పక్కర్లేదు. చార్జర్ పీకెయ్. మౌస్, పెన్‌డ్రైవ్, తగిలించినవన్నీ తీసెయ్. పవర్ బటన్‌ని 30 సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకో. అనుమానంగా ఉంటే నిమిషం పట్టుకున్నా నష్టం లేదు. వదిలేసి కాసేపు ఆగి, చార్జర్ ఒక్కటే పెట్టి బటన్ మామూలుగా ఒకసారి నొక్కు. కరెంటు పోతూ వస్తూ ఉన్నప్పుడు బోర్డు మీద పవర్ చూసుకునే చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఒక్కోసారి బిగుసుకుపోతుంది. మిగిలిన కరెంటు కాస్తా ఇలా ఒలికిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. నీలాగే గాలివాన మర్నాడు తెచ్చిన లాప్‌టాప్‌లు ఎన్నో నా బల్ల మీద ఇంతమాత్రానికే లేచాయి. థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అడుగున పిన్నుసూది దూరేంత రంధ్రం ఉంటుంది. చార్జర్ తీసేసి పేపర్ క్లిప్‌తో లోపల నొక్కితే అదే పని జరుగుతుంది.

చార్జర్‌ని కూడా ఒకసారి అనుమానించు. గోడ కరెంటు ఎగిరినప్పుడు ముందు దెబ్బ తగిలేది దానికే. అడాప్టర్ మీద లైటుంటే వెలుగుతోందా చూడు. స్నేహితురాలి చార్జర్‌తో చూసేటప్పుడు పిన్ను పట్టింది కదా అని పెట్టెయ్యొద్దు. వెనక చీటీ మీద ఔట్‌పుట్ వోల్టులు నీ దానివే ఉండాలి, 19.5 అంటే 19.5. యాంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. టైప్-సీ లాప్‌టాప్ అయితే మామూలు ఫోన్ చార్జర్ దాన్ని లేపలేకపోవచ్చు, 65 వాట్లది ఎవరి దగ్గరైనా తెచ్చి చూడు.

ఇంకో చిన్న విషయం. లాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా అది ఆగకూడదు. ఆ రాత్రి కరెంటు పోగానే టక్కున ఆగిపోయిందా? అలా అయితే బ్యాటరీ ముందే నీరసించి ఉంది. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టున్నా, అడుగు భాగం బల్ల మీద సమంగా కూర్చోకపోయినా బ్యాటరీ ఉబ్బింది. అలాంటిది కనిపిస్తే చార్జింగ్ పెట్టకు, నొక్కకు, మంచం మీద పెట్టుకుని పడుకోకు. లిథియం బ్యాటరీ అంటుకుంటే నీ ప్రాజెక్టు కంటే పెద్ద ప్రమాదం. నేరుగా సర్వీసుకి ఇచ్చెయ్.

బటన్ 30 సెకన్లు నొక్కినా లేవలేదనుకుందాం. ఆన్ చేసి రెండు నిమిషాలాగి క్యాప్స్ లాక్ నొక్కు. దాని లైటు నొక్కినప్పుడల్లా వెలుగుతూ ఆరుతూ ఉంటే మిషన్ బతికే ఉంది, చూపించలేకపోతోంది అంతే. గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చ్‌ని స్క్రీన్‌కి ఏటవాలుగా పట్టి చూడు. లీలగా అక్షరాలు కనిపిస్తే వెనక నుంచి వెలుగిచ్చే భాగం పోయింది, బోర్డు కాదు. ఇంట్లో టీవీ ఉంటుంది కదా, హెచ్‌డీఎమ్‌ఐ వైరు తగిలించు. టీవీలో బొమ్మ వస్తే ఆ టీవీ ముందే కూర్చుని రిపోర్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేసుకో, స్క్రీన్ సంగతి పరీక్షలయ్యాక చూసుకోవచ్చు.

లైటు ఊరికే వెలుగుతోందా, లెక్కగా మినుకుతోందా అన్నది కూడా గమనించు. నోరులేని మిషన్ చెప్పుకునే మాట అదే. ఉదాహరణకి డెల్‌లో చాలా మోడళ్లకి నారింజ రంగులో 2 సార్లు, తెల్లగా 3 సార్లు మినుకుతూ ఉంటే ర్యామ్ దొరకడం లేదని అర్థం. 2, 7 అయితే స్క్రీన్. 2, 1 అయితే ప్రాసెసర్. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ దగ్గర లైటు మినుకుతుంది. ఫోన్‌లో వీడియో తీసుకుని నింపాదిగా లెక్కపెట్టి, నీ మోడల్‌కి ఆ లెక్క ఏమిటో కంపెనీ సైటులో చూసుకో. అయిదు నిమిషాల్లో మదర్‌బోర్డు అని తేల్చిన షాపు ఈ లెక్క చూసిందా అన్నది నా అనుమానం.

ఇక ర్యామ్. వారంటీ దాటిందని తేలితేనే ఇది. మన గోదావరి జిల్లాల గాలిలో తేమ ఎక్కువ. ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు పళ్ల మీద కంటికి కనిపించని పొర పట్టి, ఒకరోజు ఉన్నట్టుండి స్పర్శ తప్పుతుంది. నా దగ్గరికి "డిస్‌ప్లే లేదు" అని వచ్చేవాటిలో నేను ముందు చేయి వేసేది దీని మీదే. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడం కుదరదు. కాబట్టి మోడల్ పేరు కొట్టి విప్పే వీడియో ఒకటి ముందే పూర్తిగా చూడు.

విప్పేటప్పుడు తెల్లకాగితం మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో ఆ చోటే పెడుతూ రా. స్క్రూల పొడవులు ఒకేలా ఉండవు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డుకే చిల్లు పడుతుంది, అప్పుడు నిజంగానే మదర్‌బోర్డు పోతుంది. మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం మొదటి పని. తర్వాత ఏదైనా ఇనుప వస్తువు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకో. ర్యామ్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్పులు బయటికి లాగితే పలక దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. దాని పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, రబ్బరు పొడి లోపల పడకుండా బయటే దులిపి, అదే ఏటవాలులో పూర్తిగా దూర్చి కిందికి నొక్కు. టిక్ మనాలి. రెండు పలకలుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడు, ఒకదానితో లేచి రెండోదానితో లేవకపోతే దొంగ దొరికినట్టే. ఒక జాగ్రత్త: ర్యామ్ కదిపాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా కొత్త మోడళ్లలో, రెండు మూడు నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. అది ర్యామ్‌ని మళ్లీ కొలుచుకుంటోంది. కంగారుపడి ఆపేయకు.

విప్పడానికి చేయి రాకపోతే భయపడి చేయకు. నీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉండే టెక్నీషియన్‌ని అడుగు. ఈ పని వాళ్లకి రోజూ ఉండేదే, పైగా నీ కళ్ల ముందే జరుగుతుంది.

బయోస్ గురించి కూడా ఒక మాట. ఈమధ్య విండోస్ అప్‌డేట్లతో పాటు బయోస్ అప్‌డేట్లూ వస్తున్నాయి. ఆ రాత్రి అది ఎక్కుతూ ఉండగా మిషన్ ఆగిపోయి ఉంటే ఇలాగే లైటు, ఫ్యాను ఉండి బొమ్మ రాదు. హెచ్‌పీ అయితే చార్జర్ పెట్టి, విండోస్ బటన్, బీ అక్షరం రెండూ పట్టుకుని పవర్ బటన్ కాసేపు నొక్కి వదిలితే చాలా మోడళ్లు దాచిపెట్టుకున్న పాత బయోస్‌ని తిరిగి తెచ్చుకుంటాయి. డెల్‌లో కంట్రోల్, ఎస్కేప్ పట్టుకుని ఉండగా చార్జర్ తగిలించాలి. పనిచేస్తే స్క్రీన్ మీద రికవరీ అని వస్తుంది. అది అయ్యేదాకా చార్జర్ కదపకు, ఇన్వర్టర్ ఉన్న ఇంట్లోనే ఈ పని మొదలుపెట్టు.

వీటిలో ఏదో ఒకదానితో బొమ్మ వచ్చి, అక్కడి నుంచి విండోస్ మొరాయించిందనుకో. అది చాలా తేలికైన కష్టం. వరసగా రెండు మూడుసార్లు విఫలమైతే విండోస్ తనే రిపేర్ స్క్రీన్ తెస్తుంది, అందులోంచి అత్యవసరమైనవాటితోనే నడిచే సేఫ్ మోడ్‌కి వెళ్లొచ్చు, చివరిగా ఎక్కిన అప్‌డేట్ తీసేయొచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడా చేసి ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మిషన్లు నీలి స్క్రీన్‌తో పడిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చెడింది ఆ ఒక్క ఫైలే. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి దాన్ని తీసేస్తే మిషన్లు లేచాయి, బోర్డులు మార్చలేదు, ఫార్మాట్లు కొట్టక్కర్లేకపోయింది.

ఆ రోజు చాలామందిని ఆపింది బిట్‌లాకర్ అనే విండోస్ తాళం. నీకూ అది అడ్డురావచ్చు కాబట్టి ఇది శ్రద్ధగా చదువు. ఎస్‌ఎస్‌డీ తీసి ఎన్‌క్లోజర్ అనే చిన్న డబ్బీలో పెట్టి స్నేహితురాలి లాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్‌లా తగిలించొచ్చు. వెయ్యి, పదిహేను వందల్లో దొరుకుతుంది. కొనేముందు నీది ఎన్‌వీఎమ్‌ఈ రకమో సాటా రకమో చూసుకో, ఒకదానికి కొన్నది రెండోదానికి పనిచేయకపోవచ్చు. కానీ కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటికి ఫైళ్లు తాళం వేసి ఉంటాయి. తగిలించగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. బోర్డు మార్చినా అదే అడుగుతుంది, ఎందుకంటే మామూలుగా ఆ తాళం తీసే చిప్ పాత బోర్డుతోనే పోతుంది. ఆ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో, నీ డివైజుల పేజీలో ఉంటుంది. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కాలేజీ ఖాతాలో ఉండొచ్చు. ఫోన్‌లో ఇప్పుడే తెరిచి కాగితం మీద రాసుకో. అది లేకుండా ఆ ఫైళ్లు తెరవడం ఎవరివల్లా కాదు. తెరుస్తామని డబ్బులడిగేవాళ్లని నమ్మకు.

ఇవన్నీ అయ్యాక కూడా బోర్డే అని తేలితే తొమ్మిది వేలు వెంటనే ఒప్పుకోకు. బోర్డు మొత్తం మార్చడం ఒకటి, బోర్డు మీద కాలిన చిన్న భాగాన్ని మార్చడం ఇంకొకటి. రెండోదాన్ని చిప్ లెవెల్ రిపేరు అంటారు, మామూలుగా ఖర్చు తక్కువ. విజయవాడలో చేసేవాళ్లున్నారు, హైదరాబాద్‌లో బంధువులుంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయం దగ్గర వరసగా ఉంటారు. ఎక్కడిచ్చినా ఎస్‌ఎస్‌డీ తీసి నీ దగ్గర పెట్టుకునే ఇవ్వు. బోర్డు రిపేరుకి వాళ్లకి అది అక్కర్లేదు, పరీక్షించుకోవడానికి వాళ్ల దగ్గరే వేరేది ఉంటుంది. ఏ భాగం మార్చారో బిల్లు మీద రాయించు, తీసేసిన పాతది అడిగి తీసుకో. నిజాయితీగా పనిచేసే మెకానిక్ ఇందుకు నొచ్చుకోడు.

నాన్నగారి సంగతి. ఈ రోజే చెప్పు. "లాప్‌టాప్ పాడైంది" అని కాకుండా, "లాప్‌టాప్ ఆన్ కావడం లేదు, కొన్న బిల్లు ఎక్కడుందో చూడు నాన్నా" అని అడుగు. ఆ బిల్లు చాలావరకు ఆయన దగ్గరే ఉంటుంది, వారంటీ తేదీ మీద పేచీ వస్తే ఆధారం అదే. దాచిపెట్టిన ప్రతి రోజూ వారంటీలోంచి ఒక రోజు తగ్గుతుంది.

పరీక్షలు చేశాక మళ్లీ రాయి. ఏ కంపెనీ, ఏ మోడల్, బిల్లు మీద తేదీ, లైటు ఏ రంగులో ఎన్నిసార్లు మినుకుతోంది, క్యాప్స్ లాక్ పలికిందా లేదా. ఇవి తెలిస్తే తర్వాతి అడుగు ఏమిటో నేను ఇంకా కచ్చితంగా చెప్పగలను.